సూదిమందు సిద్ధమగు చోటు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని సంఘ కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, పళ్లు తోముకొనుట, ఆకుకూరలు తినుట వంటి సంగతులు చెప్పుదునని వారు తలంచి యుందురు. వానిని మీ పిల్లలకు ఇచ్చటి ఉపాధ్యాయులు నాకంటె చక్కగా చెప్పగలరు. నేను ముప్పది యేండ్లకు పైగా ఆసుపత్రుల మందుల విభాగములలో పనిచేసినవాడను. సీసాలోని మందు సిరంజిలోనికి వచ్చులోపల ఏమేమి జరుగునో కనిపెట్టి యుండుటయే నా వృత్తి. నాకు తెలిసిన దానిని గూర్చియే మాటలాడుట మర్యాద యని తలంచి ఈ విషయమును ఎన్నుకొంటిని.

ఉత్సవదినమున ఆసుపత్రి మాటలేల అని కొందరికి తోచవచ్చును. కాని ఈ పందిటిలో కూర్చున్న పిల్లలలో సూదిమందు పుచ్చుకొననివారు అరుదు. మన దేశమున బిడ్డ పుట్టిన నాడే టీకాసూది మొదలగును. ఇండ్లలో పెద్దవారు మధుమేహమునకై దినదినము సూది వేసికొనుచున్నారు. ఈ బడిలో చదివిన ఆడపిల్లలలో కొందరు నర్సులగుదురు. కావున ఇది మన ఇంటి సంగతియే.

నోట మ్రింగిన మందునకు మన శరీరమున ద్వారపాలకులు పెక్కుమంది కలరు. జఠరరసము కలదు, ప్రేవుల గోడ కలదు, ఆవల కాలేయము కలదు. పడనిదానిని వాంతి రూపమున వెడలగొట్టు ఉపాయమును ప్రకృతి మనకొసగినది. సూదిమందు ఈ కావలివారి నందరిని దాటి తిన్నగా అంతఃపురము చొచ్చును. అందుచేతనే అది త్వరగా పనిచేయును; అందుచేతనే దానితోపాటు ఒక సూక్ష్మజీవి లోనికి పోయినను, పాలు పది రెట్లు హెచ్చినను, మరల వెనుకకు తీసికొనుట దుర్లభము. మందు తయారుచేసిన కార్ఖానాలో పరీక్షలు జరుగును. రోగి శరీరములో వైద్యుని కన్ను ఉండును. ఈ రెంటికిని నడుమ, సీసా మూత తీసిన క్షణము మొదలు సూది గ్రుచ్చు క్షణము వరకు గల కొద్ది నిమిషములు చాలచోట్ల ఎవరి కంటను పడవు. నేను చెప్పబోవునది ఆ కొద్ది నిమిషములను గూర్చి.

మన దేశమున జరిగిన సంగతితోనే మొదలుపెట్టెదను. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగెను. ఒడెస్సా నగరమున పుట్టిన వాల్డెమార్ హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు బొంబాయిలో పనిచేసి ప్లేగుటీకాను కనుగొని, 1897 జనవరి 10వ తేదీన దానిని మొట్టమొదట తన శరీరమునకే ఎక్కించుకొనెను. తరువాత లక్షలకొలది జనులకు ఆ టీకా వేసిరి. 1902 అక్టోబరు 30వ తేదీన, నేడు పాకిస్తానులోనున్న పంజాబు ప్రాంతమున, ముల్కోవాల్ అను గ్రామమున 107 మందికి టీకా వేయగా, వారిలో 19 మంది కొలది దినములలో ధనుర్వాతముతో మరణించిరి. విచారింపగా ఆ పందొమ్మండుగురికిని ఒకే సీసాలోని మందు వేసినట్లు తేలెను. ఆ సీసా గుర్తు 53-ఎన్. తక్కిన సీసాలనుండి టీకా పొందినవారికి ఏ హానియు కలుగలేదు.

అధికారులు మొదట నిందను హాఫ్‌కిన్ ప్రయోగశాలపైని మోపిరి. అంతకుముందు టీకాద్రవములో కార్బాలిక్ ఆమ్లము కలిపెడివారు. ఆయన దానిని మాని వేడిమితో క్రిములను చంపు పద్ధతి నవలంబించెను. అదియే కారణమని వారి ఊహ. ఆయనను పదవినుండి తొలగించి యుంచిరి. పిమ్మట లండనులోని లిస్టరు సంస్థవారును ఈ సంగతిని పరిశీలించిరి. తుదకు తెలియవచ్చిన దేమనగా, గ్రామములో సీసా బిరడా తీయుచున్న సహాయకుని చేతిలోని చిన్న పటకారు నేలపై పడినది. అతడు దానిని తీసి, సరిగా క్రిమిరహితము చేయకయే మరల దానితో బిరడా నూడబెరికినాడు. ధనుర్వాతపు బీజములు మట్టిలో నుండునని మీకు తెలిసినదే. సికిందరాబాదులో మలేరియా దోమ రహస్యమును కనుగొన్న రోనాల్డ్ రాస్ మొదలైనవారు 1907లో లండను 'టైమ్స్' పత్రికకు లేఖ వ్రాసి హాఫ్‌కిన్ పక్షమున నిలిచిరి. ఆయన నిర్దోషి యని ప్రభుత్వ మొప్పుకొనుసరికి అయిదేండ్లు గడచినవి. బొంబాయి పరేలులోని ఆ ప్రయోగశాలకు 1925లో ఆయన పేరే పెట్టిరి.

ఈ కథను చెప్పునప్పుడు చాలమంది ఆ సహాయకుని నిందించి ఊరకుందురు. నేను అట్లు చేయజాలను. ప్లేగు భయము, ఎదుట వరుసదీరిన జనము, ఆరుబయట పని — అట్టి చోట చేతిలోని వస్తువు జారి పడుట వింత కాదు. పడినప్పుడు అందుకొనుటకు రెండవ పటకారు సిద్ధముగా ఉండెనా అనునది నా ప్రశ్న. ఆసుపత్రిలో ప్రమాదము జరిగినదని వినినప్పుడెల్ల నేను మొదట అడుగునది ఇదియే.

సూక్ష్మజీవులను చంపినంత మాత్రమున సూదిమందు నిరపాయమగునా? కాదని కనిపెట్టినది ఒక స్త్రీ. అమెరికా దేశమున ఈస్టన్ పట్టణమున 1897లో జన్మించిన ఫ్లోరెన్సు సైబర్టు మూడేండ్ల వయస్సున పోలియో సోకి కుంటిదయ్యెను. నడక కష్టమైనను చదువు మానక, 1923లో యేల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము గైకొనెను. ఆ కాలమున సిరలోనికి మందు ఎక్కించిన కొందరు రోగులకు గంటలోపల చలి, వణకు, జ్వరము వచ్చెడివి. మందు మంచిదే, నీరు బట్టీపట్టినదే, మరిగించినదే. ఐనను జ్వరము తప్పలేదు. సైబర్టు కుందేళ్లపై పరీక్షించి దోషము నీటిలో ఉన్నదని తేల్చినది. నీటిలో సూక్ష్మజీవులు పెరిగి, వేడికి చచ్చినను, వాటి శరీరశకలములు నీటిలో మిగిలి జ్వరము పుట్టించుచున్నవి. కూరలో పడిన పురుగు ఉడికి చచ్చును గాని మాయము కాదు గదా! బట్టీపట్టునప్పుడు ఆవిరితోకూడ ఎగిరిపడు తుంపురులలో ఆ శకలములు దాటిపోవుచున్నవని గ్రహించి, తుంపురులను ఆపు ఏర్పాటు గల బట్టీని ఆమె రూపొందించినది. నేడు సెలైను సీసాను చూచునప్పుడు ఆమె పేరు తలచువారు మన ఆసుపత్రులలో ఎందరో నాకు సందేహము.

ఇచ్చట ఒక చిన్న విడ్డూరము చెప్పి సాగెదను. ఆ జ్వరకారక పదార్థమును పట్టుటకు కుందేలునకు బదులుగా, గుఱ్ఱపుడెక్క వంటి పెంకు గల ఒక సముద్రజీవి నెత్తురు వాడవచ్చునని 1960 తరువాతి సంవత్సరములలో తెలిసినది. దాని నెత్తురు నీలివర్ణము. విషశకలము లేశమాత్రము తగిలినను గడ్డకట్టును. ఆ జాతి జీవులు ఒడిశాలో బాలాసోరు తీరమునను కలవు. ఇప్పుడు ఆ నెత్తురుతో పనిలేకుండ కృత్రిమముగా చేసిన పదార్థముతోను పరీక్ష జరుపుచున్నారు.

మరియొక సంగతి. 1928 జనవరిలో ఆస్ట్రేలియా దేశమున బండబర్గు పట్టణమున 21 మంది పిల్లలకు కంఠసర్పి రాకుండుటకై టీకా వేయగా, 12 మంది ఒకటి రెండు దినములలో మరణించిరి. రబ్బరు మూత గల ఒకే సీసానుండి పలుమారులు మందు తీసిరి. అందు క్రిమినాశకము కలుపలేదు. దినములు గడచుకొలది సీసాలో ప్రవేశించిన సూక్ష్మజీవులు లోపలనే వృద్ధినొందినవి. దాదాపు నూరేండ్లు గడచినవి. ఐనను, ఒక సీసా మూతకు సూదిని అట్లే గ్రుచ్చి యుంచి, వచ్చిన రోగికెల్ల అందుండియే మందు తీయు దురభ్యాసమును నేను నా ఉద్యోగకాలమున కన్నులార చూచితిని. ఆ సూది సీసాలోనికి తెరచియుంచిన వాకిలి. అట్లే ఒక సెలైను సీసాను దినమంతయు వ్రేలాడదీసి, అందుండి అందరి మందులు కలుపుకొనుటయు కలదు. 2009లో గుజరాతులోని మొడాసా పట్టణమున సిరంజులను మరల మరల వాడుటవలన హెపటైటిస్-బి కామెర్లు వ్యాపించి పలువురు మరణించిరి. ఒక సూది, ఒక సిరంజి, ఒక్క మారు — ఈ నియమమునకు మినహాయింపు లేదు.

ఇక ఆసుపత్రి వార్డులోనికి పోదము. ఉదయము 8 గంటలు. ఒక నర్సు, ఆమె పాలికి ఇరువదిమంది రోగులు. ఆమెముందు బల్లపై పొడిమందు సీసాలు, నీటి ఆంప్యూలులు, సెలైను సంచులు. ఒక్కొక్క పొడిలో ఇంత నీరు పోయవలెను. అది పూర్తిగా కరగినదాక ఆగవలెను. అందుండి వైద్యుడు వ్రాసిన మోతాదునకు లెక్కకట్టి ఇంత తీయవలెను. దానిని ఇట్టి ద్రవములోనే కలుపవలెను, అట్టి దానిలో కలుపరాదు. ఇంతలో టెలిఫోను మ్రోగును. ఒక రోగి బంధువు వచ్చి పడకపై దుప్పటి మార్చవలసినదని అడుగును. ఆమె తిరిగి చూచునప్పటికి బల్లపై రెండు సిరంజులు కలవు. రెంటిలోను నీటివంటి ద్రవమే. ఏది ఎవరిది? పేరు వ్రాసిన కాగితము అంటింపని సిరంజిని పారవేయవలెనే గాని ఊహించి వాడరాదు. ఇది చెప్పుట సులభము. ఖరీదైన మందును పారవేసి పైవారికి సమాధానము చెప్పుకొనుట ఆమెకు సులభమా?

కలుపుటలోని చిక్కులకు ఒక ఉదాహరణము. సెఫ్‌ట్రియాక్సోను అను పొడిమందు మన ఆసుపత్రులలో ప్రతిదినము వాడునది. దానిని కాల్షియము గల రింగరు లాక్టేటు ద్రవముతో కలిపినచో తెల్లని మడ్డి ఏర్పడును. పసికందుల ఊపిరితిత్తులలోను మూత్రపిండములలోను ఈ మడ్డి పేరుకొని మరణములు సంభవింపగా, 2007లో అమెరికా ఔషధశాఖవారు హెచ్చరిక చేసిరి. రెండు మందులును మంచివే, కూడిక చెడ్డది.

లెక్కల పొరపాట్లు శిశువుల విషయమున మరింత ఘోరము. పెద్దవారికై చేసిన సీసాలోనుండి శిశువునకు పదియవ వంతో నూరవ వంతో తీయవలసి యుండును. దశాంశబిందువు ఒకటి చెరగిన మోతాదు పదిరెట్లగును. అందుచేతనే అర మిల్లీగ్రామును 0.5 అని వ్రాయవలెను, సున్న విడిచి .5 అని వ్రాయరాదు; అయిదును 5 అనియే వ్రాయవలెను, 5.0 అని వ్రాయరాదు. మీ పిల్లలకు గణితము ఉపాధ్యాయుడు బిందువు విడిచినందుకు మార్కు తగ్గించినచో ఆయనపై కోపింపకుడు.

బల్లపైని పేరుకాగితము చేసిన హాని కూడ వినుడు. నెత్తురు గడ్డకట్టకుండ వాడు హెపారిను అమెరికాలో శిశువుల గొట్టములను కడుగుటకు మిల్లీలీటరునకు 10 యూనిట్ల బలముతోను, పెద్దవారికి 10,000 యూనిట్ల బలముతోను ఉండెడిది. రెండు సీసాల కాగితములును నీలిరంగువే, ఛాయలో మాత్రము భేదము. 2006లో ఇండియానాపొలిసు నగరపు ఆసుపత్రిలో ఒక సీసాకు బదులు మరియొకటి అలమరలో చేరి, ముగ్గురు శిశువులు మరణించిరి. మరుసటి సంవత్సరమే లాస్ ఏంజిలిసులో ఒక సినిమా నటుని కవలపిల్లలకు ఇట్లే వేయి రెట్లు మందు పడెను. దైవవశమున వారు బ్రతికిరి. చదువుకొన్న నర్సులు, ధనికమైన దేశము, పేరుపొందిన ఆసుపత్రులు. పేదరికమే దీనికంతకును కారణమని మనము తప్పించుకొనరాదు.

పొటాషియము క్లోరైడు గాఢద్రావకమును గూర్చియు చెప్పవలెను. చూచుటకు నీరే. సెలైనులో పలుచగా కలిపి మెల్లమెల్లగా ఎక్కించిన ప్రాణము నిలుపును. అట్లే సిరలోనికి నెట్టిన గుండెను నిలుపును. సంచిలో పోసి తలక్రిందులుచేసి బాగుగా కలుపనియెడల, అది అడుగున చేరి మొదటనే గాఢముగా లోనికి పోవును. వార్డు అలమరలనుండి ఇట్టి గాఢద్రావకములను తీసివేయవలసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో సూచించినది. ఈ సూచనలో జాగ్రత్తగా ఉండుడను మాట లేదు. ఆ వస్తువునే అచ్చట ఉంచకుడను మాట కలదు. రెంటికిని గల అంతరమును మీరు గమనింపవలెనని నా కోరిక.

ఆ అంతరమును మరింత స్పష్టముగా చూపునది రెండు మందుల కథ. రెంటితోను మనకు చుట్టరికము కలదు. మొదటిది మన పెరటిది. బిళ్ళగన్నేరు పువ్వు ఎరుగనివారు ఇచ్చట లేరు. మడగాస్కరు దీవిలో పుట్టి లోకమంతట ప్రాకిన ఆ మొక్కనుండి తీయు విన్‌క్రిస్టీను పిల్లల రక్తపు కాన్సరునకు దివ్యమైన మందు. రెండవది మన ఇంటివాని పుణ్యము. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడపిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన మందులను తయారుచేసినది. వాటిలో అమినోప్టెరినుతో బోస్టనులో సిడ్నీ ఫార్బరు వైద్యుడు రక్తపు కాన్సరు పిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించి, 1948లో ఆ సంగతిని ప్రకటించెను. ఆ వంశములోనిదే మెథోట్రెక్సేటు.

ఈ రెండు మందులును ఒకే బిడ్డకు, ఒక్కొక్కప్పుడు ఒకే దినమున ఇయ్యవలసివచ్చును. మెథోట్రెక్సేటును వెన్నెముకలోని నీటిలోనికి ఎక్కించుట కలదు. విన్‌క్రిస్టీనును సిరలోనికి మాత్రమే ఎక్కించవలెను. పొరపాటున అది వెన్నులోనికి పోయెనా, నరములు దగ్ధమై, బిడ్డ దినదినము క్షీణించి మరణించును, బ్రతికినవారు అత్యల్పము. రెండు సిరంజులు ఒకే పళ్లెరములో ప్రక్కప్రక్కన ఉన్న దినమున ఈ ఘోరము జరుగును. పలు దేశములలో జరిగినది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ నగరమున 2001లో పదునెనిమిదేండ్ల యువకుడు ఇట్లే మరణించెను. ఎఱ్ఱ అక్షరములతో హెచ్చరికలు అంటించిరి, శిక్షణ లిచ్చిరి, ఇద్దరు చూడవలెనని నియమించిరి. ఐనను అక్కడక్కడ తప్పులు ఆగలేదు. చివరకు మిక్కిలి చౌకయైన ఉపాయము తోచినది: విన్‌క్రిస్టీనును సిరంజిలో నింపనే వద్దు, చిన్న సెలైను సంచిలో కలిపి పంపుడు అని. సంచిని చూచి ఎవడును వెన్నునకు ఎక్కించుటకు పూనుకొనడు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు దీనిని సిఫారసు చేసినది. వెన్నునకు వాడు సిరంజి మూతి సిరగొట్టమున ఇమడకుండునట్లు చేయు ప్రమాణము 2016లో వెలువడినది. మీ ఎరుకలో ఏ బిడ్డయైనను ఈ చికిత్సలో ఉన్నయెడల, విన్‌క్రిస్టీను సంచిలో వచ్చుచున్నదా సిరంజిలో వచ్చుచున్నదా యని వైద్యుని అడుగుట మీ హక్కు.

సంచిలో ఎవరు కలుపుదురు? వార్డు బల్లపై కాదు. ఇందులకై ప్రత్యేకమైన గది ఉండవలెను. 1960 ప్రాంతమున అమెరికాలో విల్లిస్ విట్‌ఫీల్డు అను శాస్త్రజ్ఞుడు, వడకట్టిన గాలిని ఒకే దిక్కుగా ఎడతెగక ప్రవహింపజేసినచో ధూళి నిలువదని కనుగొనెను. అణువులను గూర్చిన యంత్రములకై పుట్టిన ఆ యుక్తి ఆసుపత్రులకు దిగివచ్చినది. అట్టి బల్లపై ఘనమీటరు గాలిలో అర మైక్రాను పరిమాణపు ధూళికణములు 3,520కి మించరాదు. సామాన్యపు గదిలో అవి కోట్లకొలది ఉండవచ్చును. అచ్చట పనిచేయువారు నగలు తీసి, చేతులు కడిగి, తొడుగులు ధరించి ప్రవేశింతురు. వారికొక పరీక్ష కలదు, అది నాకు మిక్కిలి ఇష్టము: మందునకు బదులు సూక్ష్మజీవులు ఇష్టపడు పోషకద్రవమును చేతికిచ్చి, మందు కలిపినట్లే కలుపమని, ఆ సీసాలను పదునాలుగు దినములు వెచ్చగా నుంచుదురు. ద్రవము కలక బారినచో ఆ చేయి తప్పినది. కాపీకొట్టుటకు వీలులేని పరీక్ష.

గది కట్టినంతనే సర్వము కుదిరినదని మాత్రము అనరాదు. వార్డులో తప్పు జరిగిన ఒక రోగికి హాని. అందరికిని ఒకేచోట కలుపు గదిలో తప్పు జరిగిన వందలమందికి హాని. 2012లో అమెరికాలో న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ అను సంస్థ తయారుచేసిన వెన్నునొప్పి సూదిమందులో బూజు చేరి, 20 రాష్ట్రములలో 750 మందికి పైగా జబ్బుపడిరి, 60 మందికి పైగా మరణించిరి. మరుసటి యేట వారు క్రొత్త చట్టము చేసికొనిరి. ఆ గదులను తనిఖీ చేయు కన్ను నిదురింపకున్నప్పుడే ప్రయోజనము. మన దేశమున పెద్ద కాన్సరు ఆసుపత్రులలో ఇట్టి గదులు కలవు. చిన్న ఆసుపత్రులకు అంత తాహతు లేకపోవచ్చును. కాని కదలిక లేని ఒక మూల, తుడిచిన బల్ల, కలుపుపద్ధతి వ్రాసిన పట్టిక, పేరుకాగితములు, కలుపుచున్నప్పుడు పలుకరింపరాదను నియమము — వీటికి ధనము పెద్దగా అక్కరలేదు.

ఇంటిలోని సూదిమందును గూర్చి చెప్పకున్న ప్రసంగము వ్యర్థము. మన దేశమున ఇన్సులిను సీసాలు రెండు బలములలో దొరకును: మిల్లీలీటరునకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. సిరంజులును రెండు రకములు. 40కి ఎఱ్ఱ మూత, 100కు నారింజ మూత. 100 బలము గల మందును ఎఱ్ఱమూత సిరంజితో 20 గీత వరకు తీసినచో లోనికి పోవునది 20 కాదు, 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! ఆ పెద్దమనిషి చెమటలుపట్టి తూలి పడును. రాత్రివేళ ఐనచో ప్రాణమునకే ముప్పు. దుకాణములో ఒక రకము లేదని మరియొకటి ఇచ్చుట కలదు. పెన్నులో వాడు గుళికలనుండి సిరంజితో మందు తీయువారును కలరు. ఆ గుళికలు సామాన్యముగా 100 బలమువి. కావున సీసాపై సంఖ్యయు, మూత రంగును ప్రతిమారు చూడవలెను. కన్ను మందగించిన పెద్దవారికి మీ పిల్లలచేత చదివింపుడు.

ఇప్పుడు మన సంఘమునకే చెందిన మాట. మన పూర్వులు శతాబ్దముల క్రిందట ఈ తమిళనాటికి వచ్చి స్థిరపడిరి. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు. ఆసుపత్రిలో రోగి పేరు నిర్ధారించుకొనకుండ ఏ సూదిమందును వేయరాదు. నర్సు వచ్చి "లక్ష్మిదానే?" అని తొందరగా అడుగును. మన ముసలమ్మ, జ్వరములో, సగము విని, మర్యాదకు "ఆఁ" అని తల ఊపును. ఆ వార్డులో లక్ష్ములు ముగ్గురుండవచ్చును. ఈమె సుబ్బలక్ష్మియో వరలక్ష్మియో కావచ్చును. అడుగవలసినది "మీ పేరేమి?" అని, చెప్పవలసినది పూర్తి పేరు, భర్త పేరో తండ్రి పేరో, వయస్సు. నర్సు అట్లు అడుగకున్నను మనమే అట్లు చెప్పుట అలవరచుకొనవలెను. అర్థము కాని ప్రశ్నకు తల ఊపుట మన భాషాసంఘములలోని పెద్ద దోషము. అది అమాయకత్వమే గాని ఆసుపత్రిలో అపాయము.

మరియొక చిక్కు కలదు. ఈ బడిలో మూడు భాషలు నేర్చిన బిడ్డను వెంటబెట్టుకొని పోయి వైద్యునికిని అవ్వకును నడుమ దుబాసిగా నిలుపుచున్నారు. ఊరు, పేరు చెప్పించుట మంచిదే. కాని పదేండ్ల బిడ్డచేత మోతాదులను, పడని మందుల పేర్లను తర్జుమా చేయించుట తగదు. తప్పిన ఆ బరువు బిడ్డ జన్మమంతయు మోయవలసివచ్చును. దీనికి బదులు మన సంఘమువారు ఒక చిన్న అట్ట అచ్చువేయించవలెనని మనవిచేయుచున్నాను: రోగి పూర్తి పేరు, వయస్సు, బరువు, పడని మందు, ఇప్పుడు వాడుచున్న మందులు — తెలుగు, తమిళము, ఇంగ్లీషు మూడింటను. పెన్సిలిను పడనివాడు ఆ మాటను మూడు భాషలలో జేబునందుంచుకొనవలెను. కార్యదర్శిగారు తల ఊపుచున్నారు. అది అర్థమై ఊపిన ఊపేయని నమ్ముచున్నాను.

వెనుక వరుసలోని ఒక తల్లి సభకు ముందు నన్ను అడిగిరి: "అయ్యా, ఏమి మందు వేయుచున్నావమ్మా అని నర్సును అడిగిన ఆమెకు కోపము రాదా?" రావచ్చును. అడుగు తీరును బట్టి యుండును. ఆమె మందు కలుపుచున్నప్పుడు అడుగరాదు. అప్పుడు మాటలాడించుటయే అపాయము. కలిపి, పేరుకాగితము అంటించి, మంచము దగ్గరకు వచ్చినప్పుడు, "అమ్మా, ఇది దేనికి?" అని అడుగవలెను. తీరిక గల నర్సు సంతోషముగా చెప్పును. తీరికలేని నర్సుపై మనము కోపించుటకంటె, ఇంతమంది రోగులకు ఒక్కరినేల ఉంచిరని ఆసుపత్రి యాజమాన్యమును అడుగుట న్యాయము. ఇంకొక మాట: వైద్యుడు మాత్ర చాలునన్నప్పుడు "సూది వేయక తగ్గునా?" యని పట్టుపట్టువారు ఈ సభలోను ఉందురు. మాత్రతో తీరు రోగమునకు సూది కోరినచో, ఇంతసేపు నేను చెప్పిన చిక్కులన్నిటిని మనము వెలయిచ్చి కొనితెచ్చుకొన్నట్లే.

సైన్సు గదిలో బల్లపై ఎఱ్ఱమూత, నారింజమూత సిరంజులను, రెండు బలముల ఖాళీ ఇన్సులిను సీసాలను, సరిగా పేరుకాగితము అంటించిన ఒక సెలైను సంచిని ఉంచితిని. పిల్లల నాటకము మొదలగుటకు ఇంకను అరగంట వ్యవధి కలదు. ఇంటిలో ఇన్సులిను వాడువారు తమ సిరంజిని గూడ తెచ్చియున్నయెడల, సీసాతో సరిపోల్చి చూచుకొనవచ్చును. నేను అచ్చటనే ఉందును.